ఆపరేషన్ అయిపోయింది కదా, ఇక ఫిజియోనే అనుకోకండి: తల, వెన్ను దెబ్బల తర్వాత న్యూరోసర్జన్‌తో ఇంకా పని ఉంటుంది

బైకు మీంచి పడి తలకి ఆపరేషన్ అయినవాళ్ళు, చెట్టు మీంచో మిద్దె మీంచో పడి వెన్నుపూస విరిగి కాళ్ళు పనిచేయనివాళ్ళు, ఇలాంటి పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. ఏ ఇంటికెళ్ళినా దాదాపు ఒకటే మాట, "పెద్ద డాక్టరుగారు చేయాల్సింది చేసేశారండీ, ఇక ఎక్సర్‌సైజులే, అంతా మీ చేతుల్లోనే ఉందన్నారు". ఆ మాటలో సగమే నిజం. ఎక్సర్‌సైజులు రోజూ చేయించాల్సిందే, దాంట్లో రెండో మాట లేదు. కానీ బాగా కోలుకుంటున్న మనిషి మధ్యలో ఆగిపోయినా, నిన్నటిదాకా చేసిన పని ఇవాళ చేయలేకపోయినా లోపల ఏదో కారణం ఉందేమో చూడాలి, అలాంటి కారణాల్లో చాలావాటిని తీసేయగలిగింది మళ్ళీ ఆ ఆపరేషన్ చేసిన న్యూరోసర్జనే. ఇంట్లోవాళ్ళేమో బద్ధకం పెరిగిందనో, మనసు విరిగిపోయిందనో, ఇంతవరకే రాసిపెట్టుందనో అనేసుకుని నెలలు గడిపేస్తారు. ఆ నెలలు పోకూడదనే ఇది రాస్తున్నా.

ముందు డిశ్చార్జ్ రోజు సంగతి. ఆ రోజు బిల్లు, అంబులెన్సు, మందులు, ఈ హడావుడిలో అడగాల్సినవి ఎవరూ అడగరు. సమ్మరీ ఒక్కటే కాదు, సీటీ, ఎమ్మారై ఫిల్ములతో పాటు వాటి సీడీలు కూడా తీసుకోండి, ఆపరేషన్ నోట్స్ కాపీ కూడా అడగండి. తలలో షంట్ (మెదడులో నిలిచిన నీటిని పొట్టలోకి దింపే పైపు) వేసుంటే ఏ కంపెనీది, ఏ మోడల్, ప్రెషర్ ఎంతలో పెట్టారు అనేది, వెన్నులో రాడ్లు స్క్రూలు వేసుంటే టైటానియమా కాదా అనేది కాగితం మీద ఉండాలి, రేపు ఎమ్మారై తీయాలంటే అక్కడ మొదట అడిగేది అదే. ఇక నోటితో అడగాల్సినవి: మంచం మీద కూర్చోబెట్టొచ్చా, నిలబెట్టొచ్చా, కాలర్ గానీ నడుం బెల్టు గానీ ఎన్నాళ్ళు, రాత్రి పడుకున్నప్పుడు తీయొచ్చా, ఫిట్స్ మందు ఎప్పటిదాకా, గుండెకో ఇంకోదానికో రక్తం పల్చబడే మందు వాడుతుంటే అది మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలి. ఇవి తెలియకపోతే ఫిజియో చేసేవాడు భయపడి తక్కువ చేయిస్తాడు, లేకపోతే తెలియక ఎక్కువ చేయిస్తాడు, రెండూ పేషెంటుకే నష్టం.

ఇప్పుడు తల దెబ్బల గురించి, ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను ఎందుకంటే చూస్తూ చూస్తూ మిస్సయ్యేది ఇక్కడే. మెదడు బాగా వాచినప్పుడు ప్రాణం నిలబెట్టడానికి పుర్రెలో ఒక పెద్ద ముక్క తీసేస్తారు, మనవాళ్ళు "తల ఎముక తీసి పొట్టలో పెట్టారు" అంటారు కదా అది. నిజంగానే కొన్ని చోట్ల పొట్ట చర్మం కింద దాస్తారు, కొన్ని ఆసుపత్రుల్లో డీప్ ఫ్రీజర్‌లో పెడతారు. మీ పేషెంట్ ఎముక ఎక్కడుందో, మళ్ళీ ఎప్పుడు పెడతారో డిశ్చార్జ్ రోజే రాయించుకోండి. మామూలుగా వాపు తగ్గి, ఇన్ఫెక్షన్ ఏమీ లేకపోతే 3 నుంచి 6 నెలల మధ్య పెడుతుంటారు, కొంతమందికి ఇంకా ముందే పెట్టేస్తారు. ఎముక పాడైపోయినా భయం లేదు, టైటానియం మెష్ గానీ వేరే పదార్థంతో చేసిన ముక్క గానీ పెడతారు. పెట్టేదాకా ఆ వైపు తల నొక్కుకునేలా పడుకోబెట్టకూడదు, మంచం దిగి నడిపించేటప్పుడు హెల్మెట్ పెట్టాలి.

చాలామంది ఈ రెండో ఆపరేషన్‌ని అందం కోసం అనుకుంటారు, "తల సొట్టగా ఉంటే ఏముందిలెండి, ముందు నడవనివ్వండి, తర్వాత చూద్దాం" అంటారు. నడవకపోవడానికి ఆ సొట్టే కారణం కావచ్చు. వినుకొండ దగ్గర ఒక పల్లెటూళ్ళో ఒకబ్బాయికి చేయించేవాణ్ణి, పడుకుని ఉన్నప్పుడు కళ్ళు తెరిచి చక్కగా చూసేవాడు, చెయ్యి పట్టుకుంటే గట్టిగా పట్టుకునేవాడు, అడిగితే అవును కాదు అని తల ఊపేవాడు. కుర్చీలో కూర్చోబెట్టిన కాసేపటికే మొహం వాడిపోయేది, తల పట్టుకుని మూలిగేవాడు, పట్టు వదిలేసి కళ్ళు మూసేసేవాడు. వాళ్ళమ్మ "చూడు బాబూ, ఎక్సర్‌సైజులు అనేసరికి నిద్ర నటిస్తాడు" అని వాణ్ణే కోప్పడేది. కూర్చోబెట్టినప్పుడు ఆ ఎముక లేని చోట చర్మం ఇంకా లోపలికి దిగిపోయేది, పడుకోబెడితే కొంచెం పైకొచ్చేది, అది కంటికి కనపడేది. ఎముక లేకపోతే బయటి గాలి ఒత్తిడి చర్మం మీంచి నేరుగా మెదడు మీద పడుతుంది, లేచి కూర్చుంటే లోపలి నీరు కిందికి దిగి ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది, అందుకే కూర్చుంటే దిగజారి పడుకుంటే తేరుకుంటారు. ఇది డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే, కానీ ఓపీలో పేషెంట్ స్ట్రెచర్ మీద పడుకునే ఉంటాడు కాబట్టి అక్కడ కనపడదు. అందుకే రెండు వీడియోలు తీసి, ఒకటి పడుకున్నప్పుడు, ఒకటి కూర్చోబెట్టాక, సర్జన్‌కి చూపించమన్నాను. ఎముక పెట్టాక కూర్చోబెడితే కళ్ళు మూసుకోవడం పోయింది, అక్కడినుంచి మా పని ముందుకి కదిలింది. అందరికీ ఇంత తేడా వస్తుందని కాదు, కానీ ఈ లక్షణం కనపడితే మాత్రం ఆ తారీఖు ముందుకి జరపమని అడగడం మీ హక్కు.

దీనికి పూర్తి తలకిందులుగా, ఎముక తీసిన చోట చర్మం గట్టిగా ఉబ్బి బంతిలా బిగిసి ఉంటే అది ఇంకో ప్రమాదం, వెంటనే చూపించాలి. లోపల నీళ్ళు చేరి ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ ఉండొచ్చు.

నీళ్ళు చేరడం సంగతి. మెదడులో రోజూ ఊరే నీరు, దెబ్బ వల్లో లోపల రక్తం కారడం వల్లో పీల్చుకోవడం తగ్గి నిలవ ఉండిపోతుంది. ఆపరేషన్ అయిన వారాలకీ నెలలకీ కూడా వస్తుంది. ఎలా కనపడుతుందంటే, మాట్లాడే మనిషి మాట తగ్గించేస్తాడు, ఎక్కువ నిద్రపోతాడు, నడిచేవాడికి పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు అయి చిన్న చిన్న అడుగులు వేస్తాడు, బాత్రూమ్‌కి చెప్పేవాడు చెప్పకుండానే పాస్ పోసేస్తాడు, మర్చిపోవడం పెరుగుతుంది. వాంతులూ తలనొప్పీ ఉండొచ్చు, లేకపోవచ్చు కూడా. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే సీటీ తీయించాల్సిందే. సీటీలో మెదడులో నీరుండే గదులు పెద్దగా కనపడ్డా ఒక్కోసారి అది నీటి ఒత్తిడా లేక దెబ్బకి మెదడు కుంచించుకుపోయి అలా కనిపిస్తుందా అన్నది తేలదు. అప్పుడు నడుము దగ్గర సూదితో కొంత నీరు తీసి చూస్తారు, అది క్షేమమా కాదా అన్నది సీటీ చూసి డాక్టరే తేలుస్తారు. ఈ టెస్ట్‌కి వెళ్ళేటప్పుడు మీ ఫిజియోని కూడా కలుపుకోండి, నీరు తీయకముందు 10 మీటర్లు నడవడానికి ఎన్ని సెకన్లు, ఎన్ని అడుగులు, తీశాక ఎన్ని అని కొలిచి రాస్తే షంట్ వేయాలా వద్దా అన్న నిర్ణయానికి అది బాగా పనికొస్తుంది.

షంట్ అంటే మెదడు గదిలోంచి చర్మం కింద చెవి వెనకగా పొట్టలోకి దింపే సన్నటి పైపు. వేశాక బాగా తేరుకున్న వాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ వేసి మర్చిపోయేది కాదు, మూసుకుపోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. జ్వరం, తలనొప్పి, వాంతులు, మత్తు, పైపు దారి వెంట ఎర్రగా కావడం, ఏది వచ్చినా అదే రోజు వెళ్ళాలి. బయటినుంచి ప్రెషర్ మార్చే రకం షంట్ అయితే కొన్ని మోడళ్ళకి ఎమ్మారై అయ్యాక సెట్టింగ్ మారిపోతుంది, కాబట్టి ఎమ్మారై తర్వాత ఒకసారి చెక్ చేయించుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇంకోటి గుర్తుపెట్టుకోండి, చిన్నగా జారి పడ్డా, అప్పుడేమీ లేకపోయినా, కొన్ని వారాలకి నడక తూలడం, ఒక వైపు చెయ్యి కాలు బలం తగ్గడం, మాట తడబడటం మొదలైతే పుర్రె కింద పాత రక్తం పేరుకుని ఉండొచ్చు, ముఖ్యంగా రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి. ఎముకకి చిన్న రంధ్రం పెట్టి తీసేస్తారు, చాలామంది బాగానే తేరుకుంటారు. దీన్ని వయసు మీద వేసి వదిలేస్తే మాత్రం అన్యాయం.

ఫిట్స్ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. ఆ మందుల్లో కొన్నింటికి, లెవెటిరాసెటమ్‌కి మరీ, చిరాకు కోపం పెరిగే గుణం ఉంది. శాంతంగా ఉండే మనిషి కసురుకోవడం, తిట్టడం మొదలెడితే దెబ్బ వల్లనే అని సరిపెట్టుకోకుండా డాక్టరుకి చెప్తే మందు మారుస్తారు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం ఏదీ వద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి టైమ్ చూడండి, 5 నిమిషాలు దాటితే 108.

వెన్నుపాము సంగతికొస్తే మొదట ఒక భ్రమ పోవాలి. రాడ్లు స్క్రూలు వేసే ఆపరేషన్ తెగిన నరాలని అతికించేది కాదు. వెన్నుపాము మీద పడ్డ ఒత్తిడి తీసేయడానికి, విరిగిన ఎముక కదలకుండా నిలబెట్టడానికి చేస్తారు, కుదిరితే 24 గంటల లోపే చేయాలంటారు. అది గట్టిగా నిలబడితేనే మనిషిని త్వరగా కూర్చోబెట్టగలం, కూర్చోబెడితేనే ఊపిరితిత్తులు బాగుంటాయి, పక్కపుళ్ళు తగ్గుతాయి, వీల్‌చెయిర్ నేర్పగలం. అంటే రీహాబ్‌కి, మనిషిని మళ్ళీ తన పనులు చేసుకునేలా తయారుచేసే వైద్యానికి, నేల సిద్ధం చేసేదే ఆ ఆపరేషన్. "ఇంత పెద్ద ఆపరేషన్ చేసినా కాళ్ళు రాలేదు" అని సర్జన్ మీద కోపంతో మళ్ళీ చూపించడమే మానేసిన ఇళ్ళు ఉన్నాయి, తర్వాత వచ్చే సమస్యలన్నీ అలా చూసేవాళ్ళు లేక ముదిరిపోతాయి.

డాక్టర్ని అడగాల్సిన ఒక్క ప్రశ్న, "ఏ లెవెల్, ఆసియా గ్రేడ్ ఎంత" అని. లెవెల్ అంటే ఏ వెన్నుపూస దగ్గర దెబ్బ అని, గ్రేడ్ అంటే వెన్నుపాము ఎంత దెబ్బతిందో చెప్పే కొలత. గ్రేడ్లు ఏ (A) నుంచి ఈ (E) దాకా ఉంటాయి, ఏ అంటే మలద్వారం దగ్గర కూడా స్పర్శ గానీ బిగించే శక్తి గానీ లేకపోవడం, ఈ అంటే పరీక్షలో అంతా మామూలుగా ఉండటం. అక్కడ వేలు పెట్టి పరీక్ష చేస్తామంటే సిగ్గుపడి వద్దనకండి, అక్కడ కొంచెం స్పర్శ మిగిలి ఉన్నా కోలుకునే అవకాశం చాలా మారిపోతుంది. మొదటి రోజుల్లో వెన్ను షాక్‌లో ఉంటుంది కాబట్టి గ్రేడ్ తర్వాత మారొచ్చు, మళ్ళీ చూసి రాయమనండి. మార్పు ఎక్కువగా మొదటి 6 నెలల్లో వస్తుంది, ఆ తర్వాత నెమ్మదిగా.

మెడ దగ్గర దెబ్బ తగిలి వేళ్ళు పనిచేయక, మణికట్టు మాత్రం పైకి లేపగలిగే వాళ్ళుంటారు. వాళ్ళకి ఇంట్లోవాళ్ళు ప్రేమగా నూనె రాసి, మణికట్టు వెనక్కి వంచి వేళ్ళన్నీ చాపి చాపి సాగదీస్తుంటారు, దయచేసి అలా చేయొద్దు. ఆ వేళ్ళ స్నాయువులు కాస్త పొట్టిగా ఉంటేనే మణికట్టు లేపినప్పుడు వేళ్ళు వాటంతటవే ముడుచుకుని గ్లాసో స్పూనో పట్టుకోగలుగుతారు. సాగదీసేస్తే ఆ పట్టు పోతుంది. తర్వాత చెయ్యి ఇంకా మెరుగు చేయడానికి స్నాయువులనీ నరాలనీ మార్చి కుట్టే ఆపరేషన్లు కూడా ఉన్నాయి, అవి చేసే సర్జన్లని అడగొచ్చు.

నడుం కింద స్పర్శ లేని కాళ్ళకి ఇసుక కాపడాలు, వేడి ఇటుకలు, హాట్ వాటర్ బ్యాగులు అసలు వద్దు, కాలిన సంగతి వాళ్ళకి తెలియదు, చర్మం ఊడొచ్చాక మనం చూస్తాం. పిక్క వాచి వేడిగా ఉంటే మర్దన చేయొద్దు, రక్తం గడ్డ ఉండొచ్చు, అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు, ముందు స్కాన్ తీయించాలి. పక్కపుళ్ళు పడకుండా 2 గంటలకోసారి మనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలి, రాత్రిళ్ళు కూడా. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పాల్సిందే. 1944లో ఇంగ్లండ్‌లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టర్ యుద్ధంలో వెన్ను విరిగిన సైనికులని చేరదీసినప్పుడు పట్టుబట్టి చేయించింది ఇదే. అంతకుముందు అలాంటివాళ్ళు పక్కపుళ్ళతో, యూరిన్ ఇన్ఫెక్షన్లతో ఎక్కువ రోజులు బతికేవాళ్ళు కాదు. వాళ్ళకే ఆయన 1948లో మొదలెట్టిన ఆటల పోటీలు పెరిగి పెరిగి ఇప్పటి పారాలింపిక్స్ అయ్యాయి.

రొమ్ము మధ్య భాగం, అంటే టీ6 (ఛాతీ వెనక ఆరో వెన్నుపూస) దగ్గరగానీ దానికి పైనగానీ దెబ్బ తగిలినవాళ్ళకి ఒక ఎమర్జెన్సీ ఉంది, ఇది కుటుంబానికే తెలియాలి. హఠాత్తుగా తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు, బీపీ ఎగబాకడం. వీళ్ళ మామూలు బీపీ 90, 100 దగ్గర ఉంటుంది కాబట్టి 150 అంటే వీళ్ళకి చాలా ఎక్కువ, "కొంచెమే కదా" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వెంటనే లేపి కూర్చోబెట్టండి, బట్టలు బెల్టు వదులు చేయండి, యూరిన్ పైపు మెలికపడిందా మూసుకుపోయిందా చూడండి. ఎక్కువసార్లు కారణం నిండిన మూత్రాశయమే, తర్వాత మలబద్ధకం. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి.

నెలలు, ఏళ్ళు గడిచాక కూడా కొత్తగా తిమ్మిరి పైకి పాకుతుంటే, దగ్గినా తుమ్మినా మెడలో చేతుల్లో నొప్పి వస్తుంటే, చేతికి వేడి చల్లన తెలియడం తగ్గితే, ఉన్న బలం తగ్గితే, వెన్నుపాము లోపల నీటి తిత్తి పెరుగుతూ ఉండొచ్చు. పాత దెబ్బేలే అని ఊరుకోకుండా ఎమ్మారై తీయించి న్యూరోసర్జన్‌కి చూపించాలి, దీనికి ఆపరేషన్ ఉంది. స్క్రూలు వేసిన చోట కొత్త నొప్పి, చీము, జ్వరం అయినా అంతే.

కాళ్ళు బిగుసుకుపోవడం గురించి చాలామంది అడుగుతారు. ఉన్నట్టుండి బిగుతు పెరిగితే ముందు యూరిన్ ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పుండు, లోపలికి పెరిగిన కాలిగోరు, ఇవి వెతకండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. తర్వాత బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మాత్రలు, ఒకటి రెండు కండరాలకే అయితే బోటాక్స్ ఇంజెక్షన్, దాని పని సుమారు 3 నెలలుంటుంది. మాత్రల డోసు పెంచితే మత్తు, తగ్గిస్తే బిగుతు, డైపర్ మార్చడానికి కూడా కాళ్ళు విడదీయలేని పరిస్థితి, అలాంటివాళ్ళకి న్యూరోసర్జన్ పొట్ట చర్మం కింద ఒక పంప్ పెట్టి సన్నటి గొట్టంతో వెన్ను నీటిలోకే మందు వదులుతారు, మాత్రతో పోలిస్తే చాలా చాలా కొంచెం మందు సరిపోతుంది. ముందు ఒక టెస్ట్ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు. లక్షల్లో ఖర్చు, కొద్ది నెలలకోసారి నింపించుకోవాలి, కాబట్టి దగ్గర్లో నింపేవాళ్ళున్నారా అని చూసుకునే దిగండి. మాత్రైనా పంపైనా బాక్లోఫెన్ ఒక్కసారిగా ఆగితే ఫిట్స్, జ్వరం, మతిభ్రమ వస్తాయి. ఇంకో సంగతి, కొంతమంది ఆ బిగుతు ఆసరాతోనే నిలబడతారు, అది మొత్తం తీసేస్తే కూలబడతారు, అందుకే నిర్ణయం ముందు ఫిజియోని కూడా కూర్చోబెట్టి మాట్లాడమనండి.

బైకు ప్రమాదాల్లో తల ఆపరేషన్ హడావుడిలో తప్పిపోయేది ఒకటుంది, భుజం నుంచి చెయ్యి మొత్తం వేలాడిపోవడం. "తల దెబ్బకి పక్షవాతం" అనుకుంటారు. చెయ్యి ఒక్కటే మెత్తగా వేలాడుతూ, కాలు బాగుంటే, మెడ నుంచి చేతికి వచ్చే నరాల గుత్తి తెగిందేమో పరీక్ష చేయించండి. దీనికి గడువుంది. నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది, ఈలోపు కండరం ఎండిపోతుంది, అందుకే 3 నుంచి 6 నెలల లోపు ఆపరేషన్ అయితేనే ఫలితం బాగుంటుంది, ఏడాది దాటాక వస్తే చేయగలిగింది బాగా తగ్గిపోతుంది.

స్టెమ్ సెల్స్ ఇంజెక్షన్‌తో నడిపిస్తాం అని ఫోన్లు చేసేవాళ్ళ మాట నమ్మి పొలాలు అమ్ముకోవద్దు. అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్ బయట వెన్ను దెబ్బకి స్టెమ్ సెల్స్ వైద్యంగా ఇవ్వకూడదని ఐసీఎమ్మార్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనే ఉంది, ట్రయల్ అయితే పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోరు. వెన్ను మీద కరెంటు స్టిమ్యులేటర్ పెట్టి కొంతమందిని అడుగులు వేయించిన మాట నిజం, 2018లో అమెరికాలోని లూయీవిల్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్ బృందాలు చూపించాయి, కానీ దాంతో పాటు నెలల తరబడి గట్టి ట్రైనింగ్ ఉంది, అది ఇంకా పరిశోధన దశలోదే.

ఒకే చోట సర్జన్, రీహాబ్ డాక్టర్, ఫిజియో, రోజువారీ పనులు మళ్ళీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అందరూ దొరికితే అంతకంటే మంచిది లేదు. మనవాళ్ళకి దగ్గర్లో వెల్లూరు సీఎంసీ ఉంది, 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని కాళ్ళు చచ్చుబడినా వీల్‌చెయిర్‌లోనే సర్జరీలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ చొరవతో అక్కడి రీహాబ్ సంస్థ 1966లో మొదలైంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరో రీహాబ్ విభాగం ఉంది. అంత దూరం కుదరకపోతే మీ జిల్లాలోనే ఆపరేషన్ చేసిన సర్జన్‌నీ, ఒక ఫిజియోనీ ఒకరి ఫోన్ నంబరు ఒకరికి ఇప్పించి మాట్లాడుకునేలా చేయండి, సగం పని అయినట్టే. ఎముక పెట్టడం, షంట్ లాంటివి ఆరోగ్యశ్రీలో (ఆంధ్రలో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) వస్తాయా అని ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రని అడగండి. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌కి స్లాట్ పెట్టుకోండి, పింఛనుకీ మిగతా సాయాలకీ 40 శాతం వైకల్యం అనేదే చాలాచోట్ల గీత.

ఇక ఓపీకి వెళ్ళినప్పుడు. మీకు దొరికేది కొద్ది నిమిషాలే, దాన్లో "ఎలా ఉన్నాడు" అంటే "అలాగే ఉన్నాడండీ" అని ముగించకండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని వారానికోసారి నాలుగు ముక్కలు రాయండి: ఎంతసేపు కూర్చున్నాడు, ఎన్ని అడుగులు వేశాడు, పాస్ చెప్పి పోస్తున్నాడా, రోజంతా ఎంత నిద్ర. వెళ్ళేటప్పుడు పోయిన నెల వీడియో, ఈ నెల వీడియో ఒకే పనివి, ఒకే కోణంలో తీసినవి పట్టుకెళ్ళండి. లోపలికి వెళ్ళగానే మొదటి మాట ఇలా ఉండాలి, "సార్, పోయిన నెల గోడ పట్టుకుని వంటింటిదాకా నడిచాడు, ఇప్పుడు మంచం దిగడం లేదు, కారణం ఏంటి, సీటీ తీయాలా?" ఏమీ లేదని తేలితే మంచిదే, ధైర్యంగా ఎక్సర్‌సైజులు పెంచుకుంటాం. తర్వాత మళ్ళీ ఎప్పుడు రావాలి, ఏ లక్షణం కనపడితే అంతకుముందే రావాలి అనేది కాగితం మీద రాయించుకుని అప్పుడు బయటికి రండి.